వాన లేకుండానే కారే కప్పు: ఐస్ డ్యామ్ ఎలా పుడుతుంది, ఎలా ఆపాలి

న్యూజెర్సీ, బోస్టన్, షికాగో, మినియాపొలిస్, టొరంటో వైపు సొంత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక వింత సమస్య ఎదురవుతుంది. మంచు పడి రెండు రోజులై ఉంటుంది. బయట ఎండ కాస్తున్నా ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి కిందే ఉంటుంది. వాన చుక్క లేదు. అయినా పై అంతస్తు బెడ్‌రూమ్‌లో కిటికీ పై అంచు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. సీలింగ్ బయటి గోడని కలిసే చోట గోధుమరంగు మరక మొదలై రోజురోజుకీ సాగుతుంటుంది.

మన ఊళ్లో స్లాబు కారితే కారణం పైన వెతుకుతాం. పగులుందా, నీళ్లు నిలుస్తున్నాయా, వాటర్‌ప్రూఫింగ్ పోయిందా అని చూస్తాం. ఆ అలవాటుతోనే ఇక్కడ కూడా ముందు కప్పు పని చేసే రూఫర్‌కి ఫోన్ చేస్తాం. షింగిల్స్, అంటే కప్పు మీద పరిచిన పలకలు, పాతబడ్డాయి, కప్పు మొత్తం మార్చాలి అనే మాట వినిపిస్తుంది. అది వేల డాలర్ల వ్యవహారం. కానీ చాలా ఇళ్లలో ఆ కప్పుకి పెద్ద లోపమేమీ ఉండదు. కొత్త కప్పు వేయించిన తర్వాతి చలికాలం కూడా చూరుకి ఐస్ పేరుకుని అవే నీళ్లు కారతాయి. ఎందుకంటే ఆ నీళ్లని పుట్టిస్తున్నది మనం డబ్బు పోసి వేడి చేసుకుని, తెలియకుండా పైకి వదిలేస్తున్న గాలి. ఈ సంగతి పట్టుకుంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో, ఏది తర్వాత చూసుకోవచ్చో దానంతట అదే తేలుతుంది.

నీళ్లు వెనక్కి ఎలా ఎక్కుతాయి

ఇక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి. ఏటవాలు కప్పు మీద తారు షింగిల్స్, వాటి కింద ఒక పలచని అడుగు పొర, దాని కింద ప్లైవుడ్ ఉంటాయి. ఆ ప్లైవుడ్‌కీ బెడ్‌రూమ్ సీలింగ్‌కీ మధ్యనున్న ఖాళీయే ఆటిక్. కప్పు గోడ దాటి ఒక అడుగో అడుగున్నరో బయటికి వచ్చి చూరు అవుతుంది. గదుల్లోంచి తప్పించుకున్న వేడి ఆటిక్‌లోకి చేరి దాని పైనున్న కప్పుని వెచ్చబరుస్తుంది. చూరు కింద మాత్రం గది లేదు, ఉన్నది బయటి చలిగాలే.

కప్పు మీద అడుగు మందం మంచు ఉందనుకోండి. బయట 18 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 8 సెల్సియస్. ఆటిక్‌లో మాత్రం 45 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. ప్లైవుడ్ వెచ్చబడి షింగిల్స్‌ని ఆనుకున్న మంచు అడుగునుంచి కరగడం మొదలవుతుంది. రోడ్డు మీద నిలబడి చూస్తే పైన అంతా తెల్లగా, కదలకుండా కనిపిస్తుంది. కరిగిన నీళ్లు మాత్రం ఆ మంచు కిందనుంచి నెమ్మదిగా జారి చూరు దాకా వస్తాయి. అక్కడ కింద వేడి లేదు కాబట్టి గడ్డకడతాయి. మర్నాడు వచ్చిన నీళ్లు ఆ గడ్డ మీద పేరుకుంటాయి. నాలుగైదు రోజుల్లో చూరు పొడవునా ఐస్ గట్టు లేస్తుంది. చెరువు గట్టు వెనక నిలిచినట్టే దాని వెనక నీళ్లు నిలుస్తాయి. ఐస్ డ్యామ్ అంటే ఇదే.

షింగిల్స్‌ని ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా పరుస్తారు. నీళ్లు కిందికి పారుతున్నంతసేపే ఆ అమరిక పనిచేస్తుంది. నిలిచిన నీళ్లు అంచుల కిందనుంచి పైకి ఎక్కుతాయి, మేకు రంధ్రాలు పట్టుకుని ప్లైవుడ్‌లోకి దిగుతాయి. చూరు పక్కనే బయటి గోడ కాబట్టి అక్కడినుంచి గోడ లోపలికి జారతాయి. దారిలో కిటికీ ఫ్రేమ్ అడ్డం వస్తే దాని పై అంచున బయటపడతాయి. నీళ్లు గది మధ్యలో కాకుండా కిటికీ మీద కారడానికి కారణం ఇది.

న్యూ హాంప్‌షైర్‌లోని హానోవర్‌లో అమెరికా సైన్యానికి శీతల ప్రాంతాల పరిశోధనాలయం ఉంది. దాన్ని క్రెల్ అంటారు. అక్కడి ఇంజనీర్లు భవనాల కప్పులని పరిశీలించి ఒక గుర్తు చెప్పారు: బయట 22 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఆటిక్ 30 డిగ్రీలు దాటకుండా ఉంచగలిగితే చూరు దగ్గర ఐస్ సమస్య రాదు. సెల్సియస్‌లో అవి దాదాపు మైనస్ 5.5, మైనస్ 1. ఇది ఇంట్లో ఎవరైనా చూసుకోగల పరీక్ష. వైర్‌లెస్ థర్మామీటర్ సెన్సర్ ఒకటి ఆటిక్‌లో పెడితే చాలు. బయట గడ్డకట్టే చలిలో అది 45, 50 చూపిస్తోందంటే రూఫర్ రాకముందే జబ్బేమిటో తెలిసినట్టే.

మంచు ఎక్కువ పడితే సమస్య ఎందుకు ముదురుతుందో కూడా చెప్పుకోవాలి. మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి తాజా మంచు మంచి ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా ఆపే పొర. ఆ ఆపే శక్తిని ఆర్ అనే అంకెతో కొలుస్తారు, అంకె పెద్దదైతే శక్తి ఎక్కువ. అంగుళానికి సుమారు ఆర్-1 లెక్కన పనిచేస్తుంది. అడుగు మంచు పడితే కప్పుకి బయటివైపు ఆర్-12 తొడిగినట్టు. అప్పుడు బయటి చలి షింగిల్స్ దాకా చేరదు, కిందనుంచి వచ్చే కొద్దిపాటి వేడి కూడా బయటికి పోదు. మామూలు ఏడాదిలో ఇబ్బంది పెట్టని ఇల్లు కూడా అప్పుడు కారుతుంది. 2014-15 చలికాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాల మంచు పడింది. నగర రికార్డుల్లో అదే అత్యధికం. అందులో 64.8 అంగుళాలు ఒక్క ఫిబ్రవరిలోనే పడ్డాయి. ఒక తుఫానుకీ ఇంకో తుఫానుకీ మధ్య కరిగే వ్యవధి లేకపోవడంతో అంతకుముందు చుక్క కారని ఇళ్లలోనూ గోడలు తడిశాయి.

వేడి ఏ దారిన పోతోంది

ఇన్సులేషన్ తక్కువై ఉంటుంది అనుకుంటాం. అదీ ఒక కారణమే. కానీ అంతకంటే ముందు చూడాల్సింది గాలి కారడం. వెచ్చని గాలి పైకి తేలుతుంది, సీలింగ్‌లో సందు దొరికితే ఆటిక్‌లోకి వెళ్లిపోతుంది. దాని చోటు నింపడానికి కిందినుంచి, తలుపు సందుల్లోంచి, బేస్‌మెంట్‌లోంచి చలిగాలి లోపలికొస్తుంది. చలికాలమంతా, రాత్రింబగళ్లు ఈ ప్రవాహం ఆగదు. గులాబీ రంగు, పసుపు రంగు ఫైబర్‌గ్లాస్ పరుపులు వేడిని ఆపుతాయి గానీ గాలిని ఆపవు. గాలి వాటి గుండా దూరి వెళ్లిపోతుంది.

టార్చ్ తీసుకుని ఆటిక్ ఎక్కితే దీని సాక్ష్యం కంటికి కనిపిస్తుంది. బాత్రూమ్ ఫ్యాన్ పక్కన, లోపలి గోడల నెత్తిన, వైర్లు పైకి వచ్చే రంధ్రాల దగ్గర ఫైబర్‌గ్లాస్‌ని ఎత్తి అడుగు భాగం చూడండి. కొన్ని చోట్ల కొత్తదానిలా ఉంటుంది. కొన్ని చోట్ల మాత్రం బూడిద రంగుకో నలుపుకో తిరిగి మురికిగా ఉంటుంది. అది బూజేమో అనుకుంటాం. చాలావరకు అది ధూళి. ఏళ్ల తరబడి గాలి అక్కడినుంచి దూరి వెళుతుంటే ఫైబర్‌గ్లాస్ దాన్ని వడకట్టింది. ఏ సందు మూయాలో ఆ మరకే చెబుతుంది. ఆటిక్‌లో నడిచేటప్పుడు మాత్రం చెక్క దూలాల మీదే కాలు పెట్టాలి. వాటి మధ్య ఉన్నది బెడ్‌రూమ్ సీలింగ్ డ్రైవాల్, అంటే జిప్సం పలక, మనిషి బరువు మోయదు.

ఎక్కువ గాలి పోయే చోట్లు కొన్ని దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. మడత నిచ్చెన తలుపు మొదటిది. ఇంటి ముందు తలుపుకి రబ్బరు పట్టీలు, తాళాలు అన్నీ పెట్టించుకుంటాం, ఆటిక్‌కి మాత్రం అడ్డుగా ఒక పలచని చెక్క ఉంటుంది, చుట్టూ సందు. సీలింగ్‌లోకి దిగవేసిన గుండ్రటి లైట్లు రెండోవి, ముఖ్యంగా పాతరకానివి. ప్లంబింగ్ గొట్టం పైకి వెళ్లే దారి, చిమ్నీ చుట్టూ వదిలిన ఖాళీ ఇంకా పెద్దవి. హీటర్ గొట్టాలు ఆటిక్‌లోంచి వెళ్లే ఇళ్లయితే వాటి అతుకుల్లోంచి కూడా వేడి గాలి ఊడిపోతుంటుంది.

ఇక్కడ మన వంటిళ్ల గురించి చెప్పాలి. కుక్కర్ విజిళ్లు, ఇడ్లీ ఆవిరి, గంటసేపు మరిగే పప్పుచారు, దీనికి తోడు పిల్లల గదిలో గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫైయర్. చాలా ఇళ్లలో పొయ్యి మీది హుడ్ ఆవిరిని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ వంటింట్లోకే ఊదుతుంది. ఆ తేమ అంతా పైకి తేలి ఆటిక్‌లో చల్లటి ప్లైవుడ్‌కి తగిలి, షింగిల్స్ మేకుల మొనల మీద తెల్లగా గడ్డకడుతుంది. వారం రోజులు గడ్డకట్టించే చలి పెట్టి, ఒక రోజు హఠాత్తుగా వెచ్చబడితే ఆ మేకులన్నీ ఒక్కసారి కారడం మొదలుపెడతాయి. చూసినవాళ్లు కప్పు పోయిందని కంగారుపడతారు. కప్పులోంచి ఒక్క చుక్క కూడా వచ్చి ఉండదు. ఈ రెండిటి తేడా చెప్పడం కష్టం కాదు. ఐస్ డ్యామ్ మరక బయటి గోడ వెంట వస్తుంది. తేమ వల్ల వచ్చే చుక్కలు సీలింగ్ మధ్యలో, అక్కడక్కడా పడతాయి, ఆటిక్‌లో మేకులు తుప్పుపట్టి, ప్లైవుడ్ నల్లబడి ఉంటుంది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటిదాకా వెళ్లకుండా ఆటిక్‌లోనే ఆగిపోయిందేమో తప్పకుండా చూడండి. అలా వదిలేసిన ఇళ్లు బోలెడు. గట్టి చలి రోజుల్లో కిటికీ అద్దాల మీద నీళ్లు ధారకడుతుంటే ఇంట్లో తేమ ఎక్కువైనట్టే, హ్యూమిడిఫైయర్ తగ్గించాలి.

ఆటిక్ ఎక్కకుండానే ఇంటి సంగతి చెప్పే ఉపాయం ఇంకొకటుంది. రెండు అంగుళాల మంచు పడిన మర్నాడు పొద్దున్నే, ఎండ రాకముందు, రోడ్డు మీద నిలబడి కప్పులని పోల్చి చూడండి. హీటింగ్ లేని గ్యారేజ్ కప్పు మీద మంచు చెక్కుచెదరకుండా ఉండి, ఇంటి కప్పు మీద మాత్రం అక్కడక్కడా నల్లటి షింగిల్స్ బయటపడ్డాయంటే, ఆ నల్లటి చోట్ల కిందే వేడి కారుతోంది. ఒక ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత కాంట్రాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుంది.

ముందు ఏది, తర్వాత ఏది

ఈ పనుల్లో వరస చాలా ముఖ్యం. మొదట సందులు మూయాలి, తర్వాత ఇన్సులేషన్ పెంచాలి, ఆ తర్వాతే గాలాడే ఏర్పాటు చూడాలి. సందులు మూయకుండా పైన ఇన్సులేషన్ పోయిస్తే వాటిని పాతిపెట్టినట్టే, తర్వాత వెతకడం కూడా కష్టం. ఇంకొందరు ఆటిక్ చల్లబడాలని కరెంటు ఫ్యాన్ బిగిస్తారు. సీలింగ్ సందులు తెరిచి ఉండగా ఆ ఫ్యాన్ తిరిగితే ఇంట్లోని వెచ్చని గాలినే ఇంకా గట్టిగా లాగేస్తుంది.

చిన్న సందులకి సీలెంట్, పెద్దవాటికి ఫోమ్ సరిపోతాయి. చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ వాడకూడదు, అది కాలుతుంది. అక్కడ రేకు ముక్క, నిప్పుకి తట్టుకునే సీలెంట్ పెట్టాలి. నిచ్చెన తలుపుకి రబ్బరు పట్టీ, పైన ఇన్సులేషన్ ఉన్న మూత ఉండాలి. పాత ఇళ్లలో రాతి పొరల్లా మెరిసే వెర్మిక్యులైట్ గుళికలు కనిపిస్తే ముట్టుకోవద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ముందు నిపుణులకి చూపించాలి. సందులు మూసిన తర్వాత గ్యాస్ హీటర్, వాటర్ హీటర్ పొగ సరిగా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో ఈ పని మొదలుపెట్టనే వద్దు.

ఇన్సులేషన్‌కి వస్తే, చలి ప్రాంతాల్లో ఆటిక్‌కి ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలని సిఫారసు. కాగితపు పీచుతో చేసే సెల్యులోజ్ పోయిస్తే అది దాదాపు 14 నుంచి 17 అంగుళాల మందం. పాత ఇళ్లలో ఆరేడు అంగుళాలకి మించి ఉండదు. దూలాల పైఅంచులు కనిపిస్తున్నాయంటే తక్కువ ఉన్నట్టే. పోసేటప్పుడు చూరు దగ్గరి గాలి రంధ్రాలు మూసుకుపోకుండా ప్రతి దూలాల సందులో ఒక ప్లాస్టిక్ తొట్టె, బాఫిల్ అంటారు, బిగించాలి. చూరులోంచి లోపలికొచ్చిన చలిగాలి కప్పు అడుగున పైకి పాకి శిఖరం దగ్గర బయటికి పోతే ప్లైవుడ్ అంతా ఒకే చల్లదనంతో ఉంటుంది. మనక్కావలసింది అదే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఎనర్జీ ఆడిట్ చేయించుకోండి. ఇంటి ముందు తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలిని బయటికి లాగి, ఏ సందులోంచి గాలి వస్తోందో థర్మల్ కెమెరాతో చూస్తారు. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ కార్యక్రమం కింద ఇంటి తనిఖీ ఉచితం, ఇన్సులేషన్ ఖర్చులో పెద్ద భాగం కూడా వాళ్లే భరిస్తారు. మిగతా రాష్ట్రాల్లో కరెంటు, గ్యాస్ కంపెనీల వెబ్‌సైట్లలో వెతకండి. రూఫర్ చెప్పిన అంచనా పక్కన ఈ ఖర్చు పెట్టి చూస్తే నా సలహా ఎటువైపో చెప్పక్కర్లేదు.

కప్పు మార్చాల్సి వస్తే

షింగిల్స్ నిజంగానే వయసైపోయి మార్చే రోజు వస్తే, అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. చూరు వెంట షింగిల్స్ కింద అంటుకునే తారు పొర వేస్తారు. రూఫర్లు ఐస్ అండ్ వాటర్ షీల్డ్ అంటారు. అది మేకు చుట్టూ బిగుసుకుని నీళ్లని లోపలికి రానివ్వదు. ఐస్ డ్యామ్ పుట్టకుండా ఆపే శక్తి దానికి లేదు, పుట్టినా ఇల్లు తడవకుండా కాస్తుంది. పాత షింగిల్స్ పీకినప్పుడే వేయాలి, తర్వాత వేయడం కుదరదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం, ఐస్ సమస్య ఉన్న ప్రాంతాల్లో ఈ పొర చూరు అంచు నుంచి మొదలై బయటి గోడ గీత దాటి లోపలికి కనీసం 24 అంగుళాల దాకా రావాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. మీ చూరు 18 అంగుళాలు బయటికి ఉందనుకుందాం. 18, 24 కలిపితే అడ్డంగా 42 అంగుళాలు. కప్పు ఏటవాలు కాబట్టి, మామూలు వాలులో కూడా ఆ వాలు వెంట కొలిస్తే 47 అంగుళాలవుతుంది. ఈ పొర చుట్ట వెడల్పు సాధారణంగా 36 అంగుళాలే. అంటే ఒక వరస వేస్తే సరిపోదు, రెండు వరసలు వేయాలి. కొటేషన్‌లో "ఐస్ షీల్డ్ వేస్తాం" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. ఎన్ని వరసలు, గోడ లోపలికి ఎంత దూరం అని రాయించుకోండి. రెండు కప్పులు కలిసే లోయల్లో, స్కైలైట్, చిమ్నీ చుట్టూ కూడా వేయమని అడగండి.

చూరుకి బిగించే హీట్ కేబుల్స్, అంటే కరెంటుతో వేడెక్కే తీగల గురించి ఒక మాట. ఆటిక్ లేని ఏటవాలు సీలింగ్ గదులు, వంకరలు తిరిగిన లోయలు ఉన్న ఇళ్లలో వేరే దారి లేనప్పుడు అవి పనికొస్తాయి. మామూలు ఆటిక్ ఉన్న ఇంటికి వాటిని మొదటి మందుగా అమ్మడం మాత్రం నాకు నచ్చదు. ఒకసారి వేడి వదులుకుని, దానివల్ల వచ్చిన ఐస్‌ని కరిగించడానికి మళ్లీ కరెంటు కాల్చడం అది. చూరు అంచున నీళ్లు పట్టే గట్టర్ల మీద కూడా అనవసరంగా నింద పడుతుంది. గట్టర్ లేని ఇళ్లకీ ఐస్ డ్యామ్ వస్తుంది. అయినా ఆకులు రాలిపోయాక నవంబర్‌లో గట్టర్లు శుభ్రం చేయించడం మంచిదే.

ఇప్పుడే కారుతుంటే

అన్నిటికంటే ముందు చెప్పేది, కప్పు ఎక్కవద్దు. ఐస్ మీద జారితే పోయేది మరక కాదు, మనిషి. నేలమీద నిలబడి, పొడుగు కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో చూరు నుంచి మూడు నాలుగు అడుగుల మేర మంచు కిందికి లాగేయండి. షింగిల్స్‌ని గీకకుండా అడుగున ఒకటి రెండు అంగుళాలు వదిలేయాలి. అల్యూమినియం కర్ర కరెంటు తీగల దగ్గరికి పోకూడదు. గొడ్డలితో, సుత్తితో ఐస్ పగలగొడితే షింగిల్స్ కూడా పగులుతాయి. రోడ్డు మీద చల్లే మామూలు ఉప్పు గట్టర్లని, మేకులని తినేస్తుంది, కింది మొక్కలని చంపుతుంది. అంతగా అవసరమైతే పాత మేజోడులో కాల్షియం క్లోరైడ్ నింపి ఐస్ గట్టుకి అడ్డంగా, పైనుంచి కిందికి పెడితే నీళ్లు పోవడానికి ఒక కాలువ కరుగుతుంది. గట్టు మొత్తం తీయించాలంటే ఆవిరి యంత్రం ఉన్నవాళ్లని పిలవండి. ప్రెషర్ వాషర్ తెచ్చేవాళ్లని పంపేయండి.

లోపల ఇంకో చిట్కా ఉంది. నీళ్లు దిగుతున్న చోట ఆటిక్‌లో ఒక మామూలు ఫ్యాన్ పెట్టి చలిగాలి ప్లైవుడ్ మీదికి కొట్టిస్తే ఆ నీళ్లు అక్కడే గడ్డకట్టి, కారడం తాత్కాలికంగా ఆగుతుంది. సీలింగ్ ఉబ్బి కిందికి దిగుతుంటే బకెట్ పెట్టి, ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్‌తో చిన్న రంధ్రం చేయండి. లేకపోతే నీటి బరువుకి సీలింగ్ ముక్క మొత్తం ఊడి పడుతుంది. లైటు దగ్గర నీళ్లుంటే ముందు బ్రేకర్ ఆపేయాలి. తడిసిన గోడని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ఇన్సులేషన్ తడిగానే ఉండొచ్చు.

ఏదీ తుడవకముందే ఫోటోలు తీయండి. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు లోపల జరిగిన నష్టాన్ని భరిస్తాయి. ఐస్ తీయించే ఖర్చు ఇస్తారా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. టౌన్‌హోమ్ అయితే కప్పు చాలాచోట్ల అసోసియేషన్ బాధ్యత, లోపలి డ్రైవాల్ మనది. ఆ కాగితాలు మంచు పడకముందే చదివి ఉంచుకోవాలి.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండేవాళ్లకి ఐస్ డ్యామ్ బెడద పెద్దగా లేదు. కానీ అక్కడ చాలా ఇళ్లలో నీళ్ల గొట్టాలు ఆటిక్‌లోంచే వెళతాయి. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి హీటింగ్ ఆగిపోయినప్పుడు ఆ గొట్టాలు గడ్డకట్టి పగిలి, సీలింగులు కూలాయి. ఆటిక్‌లో గొట్టాలకి తొడుగు వేయించడం, ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించడం అక్కడివాళ్లు ముందుగా చేయాల్సిన పనులు.

సంక్రాంతికని, పిల్లల సెలవులకని డిసెంబర్, జనవరిలో ఇండియా వెళ్లేవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ విషయంలో జాగ్రత్తపడాలి. హీటర్ పూర్తిగా ఆపేయకండి, 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా ఉంచండి. మెయిన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తిప్పి గొట్టాల్లో మిగిలిన నీళ్లు వదిలేయండి. హీటర్ నీళ్లతో నడిచే రకమైతే, లేదా ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు ఉంటే వాల్వ్ ముట్టుకునే ముందు ప్లంబర్‌ని అడగాలి. వారానికి రెండుసార్లు ఇంటి లోపలికి వెళ్లి పై అంతస్తు సీలింగులు, కిటికీ అంచులు చూడమని దగ్గరి స్నేహితులకి తాళం ఇచ్చి వెళ్లండి. ఖాళీగా వదిలిన ఇంట్లో హీటింగ్ లేక గొట్టాలు పగిలితే క్లెయిమ్ చెల్లించబోమనే నిబంధన పాలసీల్లో మామూలుగా ఉంటుంది. విమానం టికెట్ కొన్న రోజే ఏజెంట్‌కి ఫోన్ చేసి, మీ పాలసీ ఎన్ని రోజుల గైర్హాజరీని ఒప్పుకుంటుందో ఈమెయిల్‌లో రాయించుకోండి.